మడత విప్పని కాగితం

గేటు పట్టుకుని ఒక మనిషి ఊగుతున్నాడు.

ఏప్రిల్ ఎండ మండిపోతోంది. ఆ మనిషి తలకు మాత్రం చెవులదాకా ఊలు టోపీ.

ఎయిర్‌పోర్టులో కిరాయి దింపి అప్పుడే ఇంటికొచ్చిన మల్లేశ్వర్ క్యాబ్ దిగి చూశాడు.

"ఎవర్నువ్వు?"

"పా...ఆ...ండు..." నాలుక మందంగా తిరిగింది. మల్లేశ్వర్‌కు ఆ మాట అర్థం కాలేదు.

వణికే చేత్తో జేబులోంచి మడత కాగితం తీసి చాచాడు.

బస్సుల్లో ఒళ్లో పడేసి పోయే బిచ్చం కాగితాలు మల్లేశ్వర్ చాలా చూశాడు. చెయ్యి అడ్డం పెట్టాడు.

"పొద్దుగాల్నే సురువు చేసినవా? ఇల్లు కనవడ్తలేదా, కల్లు దుకాణం అనుకున్నవా? నడువ్!"

మనిషి నడిచాడు. రెండడుగులు నేరుగా, ఒకటి పక్కకు.

తాగినవాళ్లంటే మల్లేశ్వర్‌కు ఒళ్లు మంట. జనవరిలో శంషాబాద్ రోడ్డు మీద తమ్ముడు పాండు బండిని గుద్దినవాడు తాగే ఉన్నాడు. పాండు ఎయిర్‌పోర్టు కార్గోలో లోడర్. యాభై కిలోల పెట్టెను ఒక్కడే లేపేవాడు. ఇప్పుడు మంచినీళ్ల గ్లాసు లేపలేడు. తలకు ఆపరేషనయ్యాక కుడి చెయ్యి, కుడి కాలు మాట వినడం లేదు. నోట్లోంచి మాట రావడం లేదు.

"మొదటి ఆరు నెలలే కీలకమండీ," అన్నాడు డాక్టర్ జోగారావు, దవాఖాన నుంచి పంపేటప్పుడు. "చేయించాల్సిన కసరత్తులు ఇంటికొచ్చి చేయించడానికి ఒక మనిషిని పంపుతాను."

ఆ మనిషి కోసమే మల్లేశ్వర్ ఎదురుచూస్తున్నాడు. బండి మీద వస్తాడు, చేతిలో బ్యాగుంటుంది అనుకున్నాడు.

నెల గడిచినా ఎవరూ రాలేదు.

"పంపుత అన్నడు! పెద్ద దవాఖానోళ్ల మాటలు గిట్లనే ఉంటయి."

"ఎందుకు బిడ్డా గంత కోపం?" అంది తల్లి రుక్మిణమ్మ. "జర నిదానంగుండు. మనోడు ఇయ్యాల అమ్మా అన్నడు."

"ఏందీ? ఎప్పుడు?"

"పదింటికి. చింతగింజలు ఒక గిన్నెలకెళ్లి ఇంకో గిన్నెల ఏసుకుంట."

"చింతగింజలేంది?"

రుక్మిణమ్మ పైట సర్దుకుని వంటింట్లోకి పోయింది.

మర్నాడు కిరాయి ఒప్పుకోకుండా మల్లేశ్వర్ పదింటికే ఇంటికొచ్చాడు.

వాకిట్లో ఇద్దరు ఊగుతున్నారు.

పాండు భుజం మీద ఊలు టోపీ మనిషి చెయ్యి. టోపీ భుజం మీద పాండు చెయ్యి. రెండడుగులు నేరుగా, ఒకటి పక్కకు. పడబోయి, నిలదొక్కుకుని, ఇద్దరూ నవ్వుతున్నారు.

"ఒ...ఒక...టి," అన్నాడు టోపీ మనిషి.

"ఒ...ఒక...టి," అన్నాడు పాండు. అదే సాగదీత. అదే మందం.

మల్లేశ్వర్‌కు కళ్లు ఎర్రబడ్డాయి.

"నా తమ్మునికి తాగుబోతు నడక నేర్పుతున్నవా?"

"ఆగురా! వారం సంది వస్తున్నడు, ఒక్క నాడన్నా వాసన రాలే," రుక్మిణమ్మ అడ్డమొచ్చింది.

"నీకు వాసనెట్ల తెలుస్తదే? బాపు ముప్పై ఏండ్లు తాగితే నీ ముక్కు ఎప్పుడో సచ్చింది!"

ఆమె పక్కకు జరిగింది.

మల్లేశ్వర్ ఆ మనిషి రెక్క పట్టి గేటు బయటికి నెట్టాడు. ఆ మనిషి తిట్టలేదు. గోడ పట్టుకుని నిలబడి, మాటను ముక్కముక్కగా కూడదీసుకున్నాడు.

"రే...పు...వ...స్త."

"వస్తె కాళ్లిరగ్గొడ్త!"

మర్నాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

పాండు కొన్నాళ్లు పదింటికి గేటు వైపు చూసేవాడు. తర్వాత చూడటం మానేశాడు. చింతగింజల గిన్నె మంచం కిందికి పోయింది.

ఆగస్టులో మల్లేశ్వర్ తమ్ముణ్ని దవాఖానకు తీసుకుపోయాడు. డాక్టరు పాండును నడిపించి చూశాడు, మాట్లాడించి చూశాడు.

"ఇంతవరకు వచ్చి ఆగిపోయిందేమిటండీ?"

"మీరు పంపుత అన్న మనిషి రానే రాలే సార్."

"వచ్చానన్నాడే! మీరే వద్దన్నారట. ఇప్పుడు జల్‌పల్లిలో వేరే ఇంటికి వెళ్తున్నాడు."

"అబద్ధం సార్! మేమెందుకు వద్దంటం?"

డాక్టరు అతణ్ని ఒకసారి చూశాడు. ఇంతలో నర్సు తరువాతి పేషెంట్‌ను లోపలికి పిలిచింది.

బయట వాన. క్యాబ్ రిపేరులో ఉంది. పాండును పట్టుకుని రోడ్డు దాకా నడిపించాడు మల్లేశ్వర్. రెండడుగులు నేరుగా, ఒకటి పక్కకు.

ఆటో ఆగింది. డ్రైవరు పాండును కిందికీ మీదికీ చూశాడు.

"ఎ...య...ర్..." అన్నాడు పాండు, ఎయిర్‌పోర్టు వైపు ఇంటికని చెప్పబోతూ.

"వద్దన్నా. పొద్దుగాల్నే తాగినోళ్లను ఎక్కించుకోను. సీటంత ఖరాబు చేస్తరు."

"తాగలేదన్నా!" అని అరిచాడు మల్లేశ్వర్. "తలకు దెబ్బ తాకి గట్ల..."

ఊలు టోపీ గుర్తొచ్చింది.

ఆటో పోయింది. మల్లేశ్వర్ తమ్ముడి భుజం పట్టుకుని వానలో అలాగే నిలబడ్డాడు.

ఇంటికి రాగానే తల్లినడిగాడు. "అమ్మా, ఆ టోపీ ఆయన ఏమన్న ఇచ్చి పోయిండా?"

రుక్మిణమ్మ గోడ గడియారం వెనక నుంచి కాగితం తీసింది. మడత విప్పనే లేదు.

"నాకు సదువు రాదాయె. నీకు సూపిద్దమంటె ఆయన పేరెత్తితేనే మీదికొస్తివి."

ఏడో తరగతిలో బడి మానేసిన మల్లేశ్వర్, వేలు పెట్టి ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివాడు.

"పాండు ఇంటివారికి. నేను పంపుతానన్న మనిషి ఈయనే, పేరు కుర్మయ్య. నడక తూలుతుంది, మాట తడబడుతుంది, తాగాడనుకోకండి; పాండుకన్నా పెద్ద దెబ్బతో ఆరేళ్ల కిందట మా వార్డుకు వచ్చి, ఇక లేవడని నేనే రాసిచ్చిన పేషెంట్ ఈయన."