గోడకు అటూ ఇటూ

శుక్రవారం మధ్యాహ్నం మాగలీ తన పైఅధికారిణి గదిలోకి సుడిగాలిలా దూసుకెళ్ళి, ఊపిరైనా తీసుకోకుండా అడిగేసింది.

"మేడమ్, నన్ను కాపలా జట్టులోకి మార్చెయ్యండి!"

మేడమ్ దెల్మాస్ చేతిలో కాఫీ కప్పు నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"మతి గాని పోయిందా అమ్మాయ్?"

తులూజ్ ఊళ్ళో విమానాలు తయారుచేసే ఆ ఆఫీసులో అది చిన్న మాటేం కాదు. పైలట్ చేతిలో చిన్న పిడి ఉంటుంది. దాన్ని కాస్త తిప్పితే ఆ కబురు తీగ వెంట కంప్యూటర్‌కి వెళుతుంది. అది రెక్క చివరి పలకకు ఆజ్ఞ ఇస్తుంది: ఇంత లేవు, ఇంత దిగు. పక్కనే కాపలా కూర్చున్న ఇంకో కంప్యూటర్ అదే లెక్క విడిగా వేసి చూస్తుంది. రెండూ కలిశాయా, సరే. తేడా వచ్చిందా, ఆ జంట మొత్తం తప్పుకుని, వెనక సిద్ధంగా ఉన్న మరో జంట పని అందుకుంటుంది.

మరి రెండింటికీ ఒకే మనిషి లెక్క రాస్తే? ఆ మనిషి చేసిన తప్పు రెండింట్లోనూ ఉంటుంది. అప్పుడు కాపలా ఉండి ఏం లాభం, కంచి గరుడసేవ! అందుకే ఆజ్ఞ జట్టు వేరు, కాపలా జట్టు వేరు. మధ్యలో గోడ. కాఫీ మెషిన్లు కూడా వేరు. రెండు జట్ల పెద్దలు లిఫ్టులో ఎదురుపడితే వాతావరణం గురించి తప్ప మాట్లాడుకోరు.

"మాట్లాడుకోని ఇద్దరు ఒకేచోట ఒకే తప్పు చెయ్యరు." మేడమ్ దెల్మాస్ రోజూ చదివే మంత్రం అది. దాని మీదే విమానం ఎగురుతోందని ఆవిడ నమ్మకం.

మాగలీది ఆజ్ఞ జట్టు. ఆమె మనసు దోచుకున్న గిలెమ్‌ది కాపలా జట్టు. రగ్బీ మ్యాచ్‌లో తులూజ్ ఓడిపోయిన రోజున, పక్కపక్క సీట్లలో వెక్కి వెక్కి ఏడుస్తూ ప్రేమలో పడ్డారు. ఒకే ఇంటి మనుషులు గోడకు చెరోపక్క పనిచెయ్యకూడదని ఆఫీసు రూలు. విమానం పని నడుస్తుండగా జట్టు మారే వీల్లేదు కాబట్టి, పెళ్ళి చేసుకుంటే ఒకరు ఈ పనే వదులుకోవాలి. ఇద్దరికీ ఆ పనంటే ప్రాణం. అందుకే పెళ్ళి అలా వాయిదాల మీద నడుస్తోంది. ఇద్దరూ కలిసినప్పుడు ఆఫీసు మాట ఎత్తకూడదని ఒట్టు. నిజాయితీపరులు పాపం, ఆ ఒట్టు ఒక్కసారి కూడా తప్పలేదు.

ఇప్పుడు పాత విమానం పని ముగిసింది. సోమవారం నుంచి కొత్తది. మారాలనుకుంటే ఈ ఒక్క వారమే మారాలి. తర్వాత ఆ విమానం ఎగిరేదాకా, ఐదారేళ్ళపాటు, ఎక్కడి వాళ్ళు అక్కడే.

"ఎవరే వాడు?" అంది మేడమ్ దెల్మాస్.

"ఎవరూ లేరండీ!" మాగలీ మొహం టమాటా పండైంది.

"ఆ ఎవరూ లేనివాడు నిన్ను బాగా చూసుకోవాలి, అంతే. నీ అదృష్టం బాగుంది. అక్కడో కుర్చీ ఖాళీ అయిందని పొద్దున్నే కబురొచ్చింది. ఎవరు పోయారో, ఎందుకు పోయారో మనకు చెప్పరుగా! ఇదిగో, మళ్ళీ ఏడ్చినా వెనక్కి తీసుకోను."

"సంతకం ఎక్కడ పెట్టాలి?"

మాగలీ నోట్లో నువ్వుగింజ నానదు. అయినా శని, ఆదివారాలు పెదవి కొరుక్కుంటూ గడిపింది. సోమవారం గిలెమ్ తలెత్తేసరికి ఎదురుగా తను! ఆ మొహం ఎలా ఉంటుందో తల్చుకుని స్నానాల గదిలో ఒక్కతే గంతులు వేసింది.

గిలెమ్ వాలకమూ వింతగానే ఉంది. ఈల వేస్తూ చిక్కుళ్ళు మాడ్చేశాడు. గరోన్ నది ఒడ్డున నలుగురూ చూస్తుండగా ఆమెను గిరగిరా తిప్పాడు. చాక్లెట్ కూరిన తీపి రొట్టెలు, చాక్లెటీన్‌లు, ఇన్ని కొనుక్కొచ్చాడు.

"మా మామ్మ కొత్త టోపీ కొనుక్కుంటోంది" అన్నాడు. పెళ్ళిళ్ళకు తప్ప ఆవిడ టోపీ పెట్టదు.

"ఎందుకట?"

"టోపీలకు కారణాలుంటాయా?"

"మరి ఎందుకా ఇకిలింపు?"

"నువ్వెందుకు ఇకిలిస్తున్నావో అందుకే!"

వీడికి ఎవరో ఉప్పందించారనుకుంది మాగలీ. అయితే మాత్రమేం! అనుకుని నాలుగో చాక్లెటీన్ తినేసింది.

సోమవారం పసుపు బూట్లు వేసుకుంది. తన ముళ్ళమొక్క కుండీని మొహానికి అడ్డంగా ఎత్తి పట్టుకుని ఆవరణ దాటుతుంటే, ఎదురుగా తల కనబడనంత పెద్ద అట్టపెట్టె ఒకటి నడిచి వచ్చింది. దారి ఇద్దామని ఇద్దరూ ఒకే పక్కకు జరిగారు. మళ్ళీ ఇద్దరూ ఒకేసారి రెండో పక్కకు జరిగారు. మాగలీ నవ్వాపుకుంటూ పరుగందుకుంది. ఆమె కాళ్ళు నేలమీద లేవు.

కాపలా జట్టు పెద్ద లకాజ్ తలుపు దగ్గరే ఎదురొచ్చాడు.

"రా తల్లీ రా! అదిగో, కిటికీ పక్క కుర్చీ నీది."

కుర్చీ వీపున ఎవరో మర్చిపోయిన రగ్బీ మఫ్లర్ వేలాడుతోంది. మాగలీ కుండీ దించి, గదిలోని మొహాలన్నీ ఒక్కొక్కటిగా చూసింది. గుండె డప్పు కొడుతోంది.

"గిలెమ్ ఇంకా రాలేదా అండీ?"

"గిలెమా? వాడి కుర్చీయే కదమ్మా నీకిచ్చింది! మీ జట్టులో ఎవరో అమ్మాయట, ఆ పిల్లను పెళ్ళాడాలని శుక్రవారం పొద్దున్నే నా కాళ్ళావేళ్ళా పడి సంతకం పెట్టి, ఇప్పుడే పెట్టె మోసుకుంటూ గోడ అవతలికి వెళ్ళాడు."