వడ్రంగిపిట్ట

టక్. టక్. టక్.

ఇస్త్రీ అక్క చేతిలో పెట్టె ఆగింది.

"అత్తా, వడ్రంగిపిట్ట వచ్చింది," అంది.

స్తంభానికి వీపు ఆన్చి బట్టలు మడతపెడుతున్న అత్తగారు తల కూడా తిప్పలేదు. ఆమెకు చెవులు అంతంత మాత్రం.

"తెలుసులేవే. వీపులో తడుతున్నాడు," అంది.

నాలుగు వారాలుగా ఇదే వరస. నెరిసిన తల, లావుపాటి కళ్ళద్దాలు, చేతిలో చిన్న సుత్తి. పెద్దాయన రోజూ పది గంటలకు వచ్చి నలభై ఏడో స్తంభం చుట్టూ తిరుగుతాడు. సుత్తితో తడతాడు, చెవి ఆన్చి వింటాడు, సుద్దముక్కతో ఏదో గీస్తాడు. కుండ కొనేవాళ్ళు కూడా అంతసేపు వాయించి చూడరు.

నగరాన్ని ఈ చివరి నుంచి ఆ చివరికి దాటించే పెద్ద రోడ్డు అది. స్తంభాల మీద నడుస్తుంది. వేసి పదకొండేళ్ళయింది. ఇప్పుడు చాలడం లేదని దాని నెత్తిన ఇంకో వరస కడుతున్నారు. పైన క్రేన్లు, కింద దుమ్ము. ఆ దుమ్ములో తెల్లచొక్కాలను తెల్లగా ఉంచడమే ఇస్త్రీ అక్కకు పెద్ద పని.

"తట్టడానికి నీకు ఇంకో స్తంభమే దొరకలేదా పెద్దాయనా? మూడొందలున్నాయి."

"ఇదొక్కటే అమ్మా."

"దీనికేమొచ్చింది?"

"విను."

ఎత్తులో తట్టాడు. టంగ్‌మంది. అత్తగారి వీపు పక్కన తట్టాడు. డబ్‌మంది.

"తేడా తెలిసిందా?"

"నా పెట్టె చల్లారిపోతోందని తెలిసింది."

"నీ బల్ల నలభై తొమ్మిది దగ్గరికి మార్చుకో అమ్మా. పైబరువు ఎక్కేలోపు మార్చుకో. ముందు ఆ పెద్దావిణ్ణి ఇక్కణ్ణుంచి లేపు."

ఇస్త్రీ అక్కకు ఒళ్ళు మండింది. నలభై ఏడంటే ఇస్త్రీ, ఇస్త్రీ అంటే నలభై ఏడు. చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లన్నిటికీ ఆ అంకే ఆమె చిరునామా, ఆ అంకే ఆమె బోర్డు. రెండు స్తంభాలు జరిగితే కొత్తగా కొట్టు తెరిచినట్టే. పైగా కిందటేడు పళ్ళరసం బండివాడు ఇలాగే తియ్యగా మాట్లాడి చోటు కాజేయబోయాడు.

"ఎవరు పంపారు నిన్ను? ఈ చోటు ఎవరికి కావాలి? మీ తోడల్లుడికా?"

"ఎవరూ పంపలేదమ్మా."

"అంత భయముంటే ఆఫీసువాళ్ళకు చెప్పుకోపో."

"చెబుతూనే ఉన్నాను."

"వాళ్ళకు లేని నొప్పి నీకెందుకు?"

పెద్దాయన సుద్దతో అత్తగారి వీపు పక్కన పెద్ద సున్నా చుట్టి వెళ్ళిపోయాడు.

అతను అటు వెళ్ళగానే ఇస్త్రీ అక్క తడిగుడ్డతో దాన్ని తుడిచేసింది. మర్నాడు మళ్ళీ చుట్టాడు. మళ్ళీ తుడిచింది. పట్టుదలలో ఇద్దరూ ఇద్దరే.

ఒక మంగళవారం దెబ్బ కాస్త గట్టిగా పడింది. స్తంభం పెచ్చు ఊడి, అప్పుడే ఇస్త్రీ చేసి పెట్టిన డాక్టరుగారి తెల్లకోటు మీద పడింది.

ఇక ఆమె ఆగలేదు. సుత్తి లాక్కుంది. నోటికొచ్చినట్టు తిట్టింది. పనీపాటా లేనివాడివంది. ఇంట్లోవాళ్ళు భరించలేక చేతికి సుత్తి ఇచ్చి తోలేశారా అంది.

పెద్దాయన పెచ్చు ఊడిన చోటు తడిమి చూశాడు.

"సుత్తి ఉంచుకో అమ్మా. ఆవిణ్ణి మాత్రం అటు కూర్చోబెట్టు."

వెళ్తూ వెళ్తూ వేళ్ళ కణుపులతో స్తంభాన్ని ఒకసారి తట్టి చూశాడు.

మర్నాటి నుంచి రాలేదు.

పీడ వదిలిందనుకుంది ఇస్త్రీ అక్క. ఆ సుత్తితోనే బల్లకాలి మేకులు బిగించుకుంది. వారం పోయాక అత్తగారే అడిగింది.

"నా వీపు తట్టేవాడేడే?"

"అలిగాడు."

"నీ నోటికి జడిసుంటాడు."

ఇంకో రెండు వారాలకు, పొద్దున్నే వచ్చేసరికి నలభై ఏడు చుట్టూ తాడు కట్టి ఉంది. యంత్రాలు, పసుపు టోపీలు, హడావిడి. పైన ఒక్క బండి చప్పుడు లేదు. రోడ్డు మూసేశారు.

"బల్ల తీసెయ్యాలి అక్కా," అంది ఇంజినీరమ్మ. "నలభై తొమ్మిది దగ్గర పెట్టుకోండి."

నలభై తొమ్మిది అనేసరికి ఇస్త్రీ అక్కకు పెద్దాయన మాట గుర్తొచ్చింది.

చిన్న యంత్రంతో తొలిచారు. సరిగ్గా అత్తగారు వీపు ఆన్చే చోటే. నాలుగు వేళ్ళ మందం పెచ్చు ఊడిపడింది. దాని వెనక మనిషి ముడుచుకుని కూర్చునేంత ఖాళీ. తుప్పుపట్టిన ఊచలు, చెయ్యి పెడితే రాలిపోయే కంకర.

ఇస్త్రీ అక్క అత్తగారి చెయ్యి పట్టుకుని అక్కడే కూలబడింది.

"వచ్చే నెల పైబరువు ఎక్కితే ఆగేది కాదు," అంది ఇంజినీరమ్మ.

"మీకెవరు చెప్పారమ్మా?"

"ఒక పెద్దాయన. నాలుగు నెలలు అర్జీలు పట్టుకుని మా ఆఫీసు చుట్టూ తిరిగాడు. దారినపోయేవాళ్ళ మాట మీద రోడ్డు ఆపుతామా అని మేమూ తరిమేశాం. చివరికి ఇంకో కాగితం తెచ్చిచ్చాడు. దానికి ఆపక తప్పలేదు."

ఇస్త్రీ అక్క బల్ల కింద నుంచి సుత్తి తీసి గుడ్డతో తుడిచింది.

"ఇది ఆయనదే. తిట్టి లాక్కున్నాను. ఇల్లెక్కడో చెబితే నేనే వెళ్ళి ఇచ్చొస్తాను."

"కాగితం ఇచ్చిన నాలుగో రోజే పోయాడక్కా. గుండెపోటు."

ఆమెకు ఏడుపు ఆగలేదు. మా అత్తను బతికించడానికి వస్తే పనిలేనివాడన్నానే అనుకుంది. సుత్తిని ఒళ్ళో పెట్టుకుంది.

"ఏం రాశాడమ్మా అందులో?" అని అడిగింది చివరికి.

ఇంజినీరమ్మ ఫోను తీసి చదివింది.

"పదకొండేళ్ళ కిందట ఈ నలభై ఏడో స్తంభాన్ని ఒక్కసారి కూడా తట్టి చూడకుండా, గట్టిగా ఉందని సంతకం పెట్టిన ఇంజినీరును నేనే."