బొటనవేలి పరీక్ష

అట్టల మీద అచ్చేసిన నీళ్ల ఇంకు ఆరనని మొండికేసింది.

డ్రయర్‌లో వేడి పెంచితే అట్ట వంకర తిరుగుతోంది. తగ్గిస్తే పచ్చి పచ్చిగా ఉండిపోతోంది. గాలి గట్టిగా తగిలితే తడి తొందరగా పోతుందేమోనని ప్రెస్సు ఓనరు కొత్తగా పెద్ద బ్లోయర్ బిగించాడు.

సాయంత్రానికి బిస్కెట్ కంపెనీకి అట్టలు అందకపోతే ప్రెస్సు మూసుకోవడమే.

పాత ఇంకయితే చిటికెలో ఆరేది. చిటికెలో అంటుకునేది కూడా. అలా నిప్పంటుకునే పాత ప్రెస్సు బూడిదయింది. లోపల చిక్కుకున్న ఓనర్ని ఎవరో దారిన పోయే మనిషి షట్టరెత్తి బయటికి లాగాడు. ఈయనకు స్పృహ వచ్చేసరికి ఆ మనిషి లేడు.

ఎవరొచ్చినా ఈ కథ చెప్పందే ఓనరు వదలడు. పొద్దున పని అడగడానికొచ్చిన పెద్దాయనకీ చెప్పాడు.

"ఆ మహానుభావుడు కనబడితే నెత్తిన పెట్టుకుంటానయ్యా."

పెద్దాయన అంతా విని ఒక్కటే అడిగాడు.

"ఇప్పుడు షట్టరు తీసే ఉంచుతున్నారా బాబూ?"

ఓనరు నవ్వి పని ఇచ్చాడు. డ్రయర్‌ నుంచి వచ్చే అట్ట మూలన బొటనవేలు నొక్కి చూడాలి. రంగు అంటకపోయినా, కాస్త జిగురు తగిలితే ఆరనట్టే. పక్కన పెట్టాలి. పసిపిల్లలైనా చేసే పని.

మధ్యాహ్నానికి అట్టలన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయాయి. లాగితే రంగు ఊడొస్తోంది.

ఓనరు అగ్గిమీద గుగ్గిలమయ్యాడు.

"ఇంత జిగురు తెలియలేదా? నీ వేళ్లకి అసలు ప్రాణం ఉందా? పో ఇక్కణ్ణుంచి!"

"తప్పయిపోయింది బాబూ."

 పెద్దాయన పోతూ పోతూ, సగం జారిన షట్టరుని భుజంతో పైకి తోసి వెళ్లాడు.

ఓనరు ఏడుపొక్కటే తక్కువగా పై అట్ట చేతిలోకి తీసుకున్నాడు. మూలన పెద్దాయన వేలిగుర్తు ఉంది. దాని పక్కనే తన వేలు నొక్కాడు. జిగురు తగిలింది. వేలి గీతలన్నీ అచ్చుపడ్డాయి.

పెద్దాయన గుర్తులో ఒక్క గీతా లేదు.

ఇంకో అట్ట తీశాడు. దాని మీదా లేదు. కాలి మానిన చర్మంలా అన్నీ నున్నగా ఉన్నాయి.

 ఓనరు చెప్పులైనా వేసుకోకుండా వీధిలోకి పరుగెత్తాడు. మలుపు దాకా వెళ్లి చూశాడు. ఎవరూ లేరు.

ఆ రోజు మంటల్లో ఎర్రగా కాలిన షట్టరుని ఎత్తి తనకు ప్రాణం పోసిన వేళ్లనే, ఇందాక ప్రాణం ఉందా అని అడిగాడు.