నూకరత్నం పక్క సీటు

డ్రైవర్లు లేని బస్సులు వచ్చాక కూడా నూకరత్నం పక్క సీటు ఖాళీగానే ఉండేది. ఆమె మోచేతుల మీది సోరియాసిస్ పొలుసులు అంటుకుంటాయని అందరికీ భయం.

ఆ రోజు, కూర్చున్నవాళ్ల నాడి చూసే ఆ బస్సు సీటు నూకరత్నంతో పలికింది. "మీ గుండె రక్తనాళం పూడుకుపోతోంది. బస్సును ఆసుపత్రికి తిప్పుతున్నాను."

"ఓలమ్మా, గుండె జబ్బా! ముందే సెప్పొద్దేటి వదినా?" అంటూ వెనక సీటులోని అప్పలకొండ వచ్చి, పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. గుండె జబ్బంటే డబ్బున్నవాళ్ల జబ్బు కాబట్టి బస్సంతటికీ నూకరత్నం మీద గౌరవం పుట్టింది.

"చర్మం మీద పొలుసులకు కారణమైన వాపే రక్తనాళాలనూ పాడుచేసింది," అంది సీటు. అది అంటుకోదని చెప్పేలోపే అప్పలకొండ చెయ్యి వదిలేసి లేచింది.

నూకరత్నం ఆయాసపడుతూనే నవ్వింది.

"నా గుండె సంగతి బస్సు సూసుకుంటాది. నువ్వెల్లి సెయ్యి కడుక్కోవే."