చివరి బెంచీ

మొదటి చరణం సగంలో చిన్నదాని గొంతు ఆగిపోయింది.

నాన్న గిటారు ఆపలేదు. అక్క ఆ వరుసని ఎలాగో దాటించింది. చిన్నది చొక్కా అంచు నలుపుతూ నిలబడిపోయింది.

వాళ్ళది పాటల కుటుంబం. వ్యానులో ఊరూరూ తిరిగి చర్చిల్లో సువార్త పాటలు పాడతారు. పన్నెండేళ్ళుగా ముందు గొంతు అమ్మది. నెల కిందట అమ్మ గొంతుకి ఆపరేషన్ అయింది. ఆరు నెలలు పాట మాట దేవుడెరుగు, మాటే వద్దన్నాడు డాక్టరు.

ముందు గొంతు పద్నాలుగేళ్ళ చిన్నదాని మీద పడింది.

"ఈ దారిలో పన్నెండు ఊళ్ళు ఒప్పుకున్నాం," అన్నాడు నాన్న వ్యానెక్కుతూ. "రేపూ ఇలాగే అయితే వెనక్కి తిప్పేద్దాం. మీరిద్దరూ పిన్ని దగ్గరుండి చదువుకోండి. నేనేదో పని చూసుకుంటా."

కోపంగా అనలేదు. అందుకే చిన్నదానికి భయం వేసింది.

నాన్నకి స్పీకర్లంటే పడదు.

"స్పీకరు అబద్ధం చెబుతుంది. చివరి బెంచీ చెప్పదు," అంటాడు.

అందుకని వాళ్ళకో పద్ధతి ఉంది. పాటకి ముందు చివరి బెంచీలో ఒకరి దగ్గరికి వెళ్ళి చెప్పి వస్తారు. పల్లవి అక్కడిదాకా వినబడితే ఆ మనిషి చెయ్యెత్తాలి.

రెండో ఊళ్ళో చివరి బెంచీలో ఒక పెద్దాయన ఒక్కడే కూర్చుని ఉన్నాడు. నాన్న వెళ్ళి సంగతి చెప్పాడు. పెద్దాయన నాన్న మొహంలోకే చూస్తూ విని, తలూపాడు.

చిన్నది పల్లవి అందుకుంది. కళ్ళు చివరి బెంచీ మీదే పెట్టింది.

చెయ్యి లేచింది.

ఆ రోజు అయిదు పాటలూ పాడింది.

"నువ్వు నోరు తెరిచావో లేదో తాత చెయ్యెత్తేశాడే," అని అక్క వ్యానులో నవ్వింది.

"నీకు కుళ్ళు."

"చెవులా అవి, రేడియోలా?"

మూడో ఊళ్ళోనూ పెద్దాయన చివరి బెంచీలో ఉన్నాడు. బస్సులో వచ్చాడట. నాలుగో ఊళ్ళోనూ ఉన్నాడు. అక్క ఆయనకి 'చెయ్యెత్తే తాత' అని పేరు పెట్టింది.

అయిదో ఊళ్ళో పాటలయ్యాక, చర్చి వరండాలో అందరూ కలిసి టీ తాగారు.

"మాది మీరు పాడిన రెండో ఊరే! రైలు గేటు పక్కిల్లు!" అన్నాడు తాత. అవతలి వీధిలో వెళుతున్నవాళ్ళు కూడా వెనక్కి తిరిగారు.

"ఆ గొంతు మనకుంటే రెండు ఊళ్ళకి ఒకేసారి పాడెయ్యొచ్చు," అని నాన్న అక్క చెవిలో గొణిగాడు.

అమ్మ తాత వైపు తిరిగి, చప్పుడు లేకుండా పెదాలు కదిపింది.

"చాలమ్మా, పంచదార సరిపోయింది," అన్నాడు తాత.

నాన్న గ్లాసు కింద పెట్టేశాడు.

"ఇరవయ్యేళ్ళ కాపురం అండీ మాది. నెల్లాళ్ళుగా పలక మీద రాస్తే గాని నాకు ఒక్క ముక్క అర్థం కావట్లేదు. మీకెలా తెలిసింది?"

"మొహం చూస్తే తెలీదూ? నువ్వు చూడవనుకుంటా!"

అమ్మ కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వు కూడా చప్పుడు చెయ్యలేదు.

చిన్నది తాత ఎదురుగా వచ్చి నిలబడింది. "తాతా, ఇవాళ రెండో పాటలో నా గొంతు తగ్గిందా?"

"నువ్వు నా బెంచీ దాకా వచ్చేశావు తల్లీ. ఇంకేం కావాలి?"

తాత అటు తిరిగి కుళాయి కింద గ్లాసు కడుగుతున్నాడు.

"పాటలంటే అంత ఇష్టమా అండీ మీకు?" అని నాన్న వెనకనుంచి అడిగాడు.

తాత జవాబు చెప్పలేదు.

"అసలైన రసికులు అంతే," అన్నాడు నాన్న. "పొగిడితే పలకరు."

ఆరు నుంచి పదకొండు దాకా ప్రతి ఊళ్ళోనూ ఆ చెయ్యి లేచింది.

పన్నెండో ఊళ్ళో, ఆదివారం, చివరి బెంచీలో ఒక తల్లి పిల్లని ఒళ్ళో వేసుకుని కూర్చుని ఉంది. పిల్ల పాలు తాగుతోందని నాన్న ఆమెని అడగలేదు.

"తాత బస్సు తప్పినట్టుంది," అన్నాడు. "ఏం చేద్దాం?"

"పాడదాం," అంది చిన్నది.

పల్లవికి ఏ చెయ్యీ లేవలేదు. చిన్నది కళ్ళు మూసుకుని చరణంలోకి వెళ్ళింది. కళ్ళు తెరిచేసరికి పాట అయిపోయింది. జనం లేచి నిలబడి ఉన్నారు.

అమ్మ పెదాలు కదిపింది. ఈసారి నాన్న ఆమె మొహంలోకే చూశాడు.

"అవును. వచ్చే నెలకి ఇంకో దారి ఒప్పుకుంటున్నా," అన్నాడు.

తాతకి ఈ మాట చెప్పాలని చిన్నది పట్టుబట్టింది. తిరుగుదారిలో వ్యాను రైలు గేటు దగ్గర ఆపారు. తాత చెల్లెలు తలుపు తీసింది. చిన్నదాన్ని చూడగానే గుర్తుపట్టింది.

"అన్నయ్య శనివారం రాత్రి పోయాడమ్మా. నిద్రలోనే."

చిన్నది మెట్టు మీద కూలబడింది. అమ్మ వెళ్ళి పక్కన కూర్చుంది.

నాన్న గుమ్మం దగ్గరికి వచ్చాడు.

"మా పాటలంటే ప్రాణం ఆయనకి. పది ఊళ్ళు వచ్చి విన్నారమ్మా," అన్నాడు.

"విన్నాడా?"

ఆవిడ నాన్న వైపు తిరిగింది.

"మా ఊళ్ళో మీరు పాడిన రోజు నన్ను చర్చిలో దింపడానికొచ్చి వెనక కూర్చున్నాడు బాబూ. మర్నాడు తనే బస్సెక్కాడు. ఎందుకన్నయ్యా ఈ తిరుగుడు అంటే, 'ఆ పిల్ల బెదిరిపోయి నా చెయ్యి కోసం చూస్తోందే, నేను లేకపోతే ఎవరివైపు చూస్తుంది?' అన్నాడు. అంతేగానీ, మిల్లులో బాయిలరు పేలి రెండు చెవులూ పోయాక, ఈ ముప్ఫయ్యేళ్ళలో అన్నయ్య ఒక్క పాట కూడా వినలేదండీ."