తడిసిన తాడు

పాదుషా హుకుంతో ఆగ్రా నుంచి మా ఊరికి కొత్త కొలత వచ్చింది. వెదురు ముక్కలు, వాటిని కలుపుతూ ఇనుప కడియాలు.

"పాడె కట్టడానికా అమీన్ సాబ్?" అని నవ్వాను.

"ఇక సామ్రాజ్యమంతా ఇదే కొలత," అన్నాడు దాన్ని తెచ్చిన కొలతల అధికారి అమీను. "మీ జనపనార తాడు తడిస్తే కుంచించుకుపోతుందయ్యా. ఉన్న పొలాన్నే ఎక్కువ చేసి చూపిస్తుంది."

ఇరవై ఏళ్లుగా ఆ తాడుతోనే ఊరి పొలాలన్నీ కొలిచాను. రెండేళ్ల కిందట, వాన వెలిసిన పొద్దున, రైతు భిఖారీ పొలాన్ని నానిన తాడుతో కొలిచింది నేనే. రెండు బిస్వాల నేల ఎక్కువ తేలింది. గట్టు జరిపి ఊరి మేతబీడు కాజేశాడని పంచాయితీ అతణ్ణి వెలివేసింది. మర్నాడు అతని శవం యమునలో దొరికింది.

వెదురుతో ముందు ఆ పొలమే కొలిచాను. తాతలనాటి కొలతకు గోరంత కూడా ఎక్కువ రాలేదు.

అతని భార్య సుఖియా గట్టు మీద గడ్డి కోస్తోంది. వెళ్లి ఆమె కాళ్ల మీద పడ్డాను.

"వదినా, అన్న దొంగ కాదు. తప్పంతా నా తాడుది. నన్ను తిట్టు, కొట్టు."

ఆమె కొడవలి కింద పెట్టింది.

"నిన్ను తిట్టి ఏం చేసుకోను మరిదీ? 'నేను జరపలేదే, నువ్వైనా నమ్మవే' అని ఆ సాయంత్రం వాకిట్లో నిలబడి ఏడ్చాడు. దొంగ మొగుడు నాకొద్దని తలుపేసుకున్నది నేనే."