గోడ అవతలి గొంతు

"ఇది నాలుగోసారి పెద్దమనిషీ! ఈసారైనా లోపం దొరుకుతుందా, లేక మళ్లీ టీ తాగి వెళ్లిపోతారా?"

నిచ్చెన మీదున్న నో పాన్‌సు తల తిప్పలేదు. మొక్‌పో రేవు పట్నంలో ముప్పై ఒక్క ఏళ్లుగా టెలిఫోన్ తీగలు చూస్తున్న మనిషి ఆయన. తుఫానుకు తెగిపడిన లైన్లను తెల్లారేసరికల్లా పలికించాడని పేరు. అలాంటివాడు ఈ ఇంటి ఫారం మీద ఇప్పటికి మూడుసార్లు 'లోపం దొరకలేదు' అని రాసి సంతకం పెట్టాడు.

కింద నిలబడి దెప్పుతున్నది సొక్‌మాన్. అతని ఇంటికీ, తమ్ముడు సొక్‌జు ఇంటికీ మధ్య ఒక్కటే గోడ. తండ్రి తద్దినం నాడు తాగిన మత్తులో జారిన ఒక్క మాటకు ఆరేళ్లుగా అన్నదమ్ములకు మాటల్లేవు. వానాకాలం నుంచి ఈ కొత్త పీడ పట్టుకుంది. ఒకరు ఫోనెత్తితే రెండో ఇంటి మాటలు వినపడుతున్నాయి.

"తేమ చేరి ఉంటుంది" అన్నాడు పాన్‌సు.

"ప్రతిసారీ అదే పాట! ముసలితనం వచ్చిందని ఒప్పుకోండి."

పాన్‌సు చెవులు ఎర్రబడ్డాయి. గోడ మీది తీగల పెట్టెలోకి ఇంకాస్త వంగాడు.

వసారాలో వెల్లుల్లి ఒలుస్తున్న తల్లి ఒక్‌బున్ కసిరింది. "పెద్దవాణ్ని పట్టుకుని ఆ మాటలేంట్రా? పాన్‌సూ, దిగు. చిలగడదుంపలు ఉడికాయి, వేడివేడిగా తిను."

"నువ్విలా మేపుతుంటే ఆయనకి పనెలా సాగుతుందమ్మా?"

అంతలో వీధి తలుపు దభాలున తెరుచుకుంది. సొక్‌జు! ఆరేళ్లలో ఆ గడప తొక్కడం అదే మొదలు.

"ఇందాక ఫోన్లో ఎవరితో మాట్లాడావు?" అని అన్నను నిలదీశాడు.

"నా ఫోను, నా ఇష్టం. చాటుగా విన్నావా?"

"వినపడింది. 'మా మిరాన్ లెక్కల పోటీలో జిల్లాకే ఫస్టు, దానికి మా నాన్న బుర్రే వచ్చింది' అని మామయ్యకి అరగంట చెప్పావు. అది నా కూతురు!"

"నీ కూతురైతే నాకేం కాదా? నా ఇంటి పిల్ల కాదా?" అనేశాడు సొక్‌మాన్. అన్నాక తనే తెల్లబోయాడు.

"దానికి ఫస్టొచ్చిందని నీకెవరు చెప్పారు?"

"నువ్వే. మొన్న మీ అత్తగారికి చెబుతుంటే నా చెవిన పడింది." సొక్‌మాన్ గొంతు తగ్గించాడు. "ఫోను పెట్టేయబుద్ధి కాలేదురా."

సొక్‌జు మెల్లగా అరుగు మీద కూలబడ్డాడు.

"మామయ్యకి ఏం చెప్పావో, ఇంకోసారి చెప్పన్నా."

చెప్పాడు. ఉన్నదానికి రెండింతలు చేసి, ఛాతీ పొంగించుకుని మరీ చెప్పాడు. తల్లి ఇంకో గిన్నె తెచ్చి చిన్నకొడుకు ముందు పెట్టింది.

నిచ్చెన మీద పెట్టె తలుపు కిర్రుమంది. రెండు నిమిషాల్లో పాన్‌సు కిందికి దిగాడు.

"ఎత్తి చూడండి."

సొక్‌మాన్ ఫోనెత్తాడు. డయల్ టోను తప్ప మరో చప్పుడు లేదు.

"మూడు నెలలు దొరకని లోపం రెండు నిమిషాల్లో ఎలా దొరికిందండీ?"

"ముప్పై ఒక్క ఏళ్ల చెయ్యి నాయనా ఇది!"

ఫారం మీద ఈసారి 'సరిచేయబడింది' అని పెద్ద అక్షరాలతో రాసి, రాజులా సైకిలెక్కాడు పాన్‌సు. ఒక్‌బున్ వీధి మలుపు దాకా వచ్చి సాగనంపింది.

వానాకాలంలో, ఆమె అడిగితే, ఆ రెండు లైన్లనూ కలిపిందీ ఆయనే.